గుండ్రటి ముఖానికి ఎలాంటి హెయిర్ ప్యాచ్ నప్పుతుంది?

బుగ్గలరాజు:
నాకు 41 ఏళ్లు. నడినెత్తి ఖాళీ, చెవుల పైన, వెనుక మాత్రం జుట్టు బాగానే ఉంది. ముఖం గుండ్రం, బుగ్గలు నిండుగా ఉంటాయి. వచ్చే నెల మరదలి పెళ్లి. దుకాణంలో నుదుటి మీదికి దువ్విన ఒత్తు ప్యాచ్ (బట్టతల మీద అంటించే జుట్టు) పెట్టి చూపించారు. అద్దంలో చూసుకుంటే గుమ్మడికాయకు టోపీ తొడిగినట్టుంది. తప్పు నా ముఖానిదా, ప్యాచ్‌దా?

కొండమొక్కు:
తిరుమలలో తలనీలాలు ఇచ్చి రండి. ఏ ముఖానికైనా నప్పుతుంది, పైసా ఖర్చు లేదు.

బుగ్గలరాజు:
మా ఆవిడ ముందే వద్దంది.

విశాఖ ఉక్కపోత:
ప్యాచ్‌దే తప్పు. తొమ్మిదేళ్లుగా పెట్టుకుంటున్నాను, నాదీ గుండ్రటి ముఖమే. మొదటిసారి ఎలాగూ డబ్బు పెడుతున్నాం కదా అని అన్నిటికన్నా ఒత్తుగా ఉన్నది ఎంచుకున్నాను. ముందు అంచు ఇరవై ఏళ్ల కుర్రాడికి ఉన్నట్టు కిందికి దించమన్నాను. ఇంటికి వెళితే మా అమ్మ తలుపు తీసి, "ఎవరు కావాలి బాబూ?" అంది. కళ్లజోడు పెట్టుకునే ఉంది.

అద్దం ముందు కనుబొమలు పైకెత్తండి. నుదుటి మీద పడే గీతల్లో అన్నిటికన్నా పైదానికి ఓ వేలెడు ఎగువన అంచు మొదలవ్వాలి. కణతల దగ్గర కాస్త లోపలికి పోనివ్వండి. నలభై దాటినవాడికి అక్కడ స్కేలు పెట్టి గీసినట్టు ఉండదు. మన ముఖాలకు నుదురు కనిపించాలి. పక్క పాపిట తీసి, పైకి దువ్వి, చెవుల పక్కన పొట్టిగా ఉంచాలి. వెంట్రుకలు ముడివేసే అడుగు వల ముందు వైపు లేసు (పల్చటి అల్లిక), వెనుక మోనో (సన్న నైలాన్ వల) ఉన్నది అడగండి. లేసులో వెంట్రుకలు చర్మంలోంచి మొలిచినట్టుంటాయి గానీ త్వరగా చిరుగుతుంది, మోనో గట్టిది.

క్రాపు మాత్రం ప్యాచ్ తలకు అంటించాకే చేయించండి. బొమ్మ తల మీద కత్తిరించి తెస్తే వెనుక మీ జుట్టుతో కలిసే చోట మెట్టు కనిపిస్తుంది. అన్నట్టు, మీ పక్క జుట్టు నెరిసిందా? అయితే కాకి నలుపు వద్దు. ఆఫీసులో నన్ను పట్టించింది అదే.

కోలముఖం:
ఈ ఎత్తు దువ్వడం నాకు పనికిరాదు, పొట్లకాయలా ఉంటాను. నుదుటి మీదికి కొంచెం వాలనిచ్చి, పక్కల కాస్త ఒత్తు ఉంచుకున్నాను. ప్యాచ్ అంటించే టేపు ముక్కను ఒక రోజు ముందు చెవి వెనుక అంటించి చూడండి. నాకు దద్దుర్లు వచ్చి టేపు మార్చాల్సి వచ్చింది.

బుగ్గలరాజు:
కనుబొమలు ఎత్తి చూశాను. వాళ్లు పెట్టిన అంచు గీత కిందే ఉంది! అక్కడక్కడా తెల్లవి కలిపినది కావాలంటే దుకాణదారు, "నెరిసిన జుట్టు డబ్బిచ్చి కొంటారా సార్?" అని నవ్వాడు. రెండు వారాల్లో తెప్పిస్తాడట.