మయన్మార్ మీద మనం పెడుతున్న డబ్బు, మనం చెప్పే ప్రజాస్వామ్యం రెండూ పొసగుతాయా?

కంచరపాలెం_కుర్రాడు:
మాది వైజాగ్. కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు అని ఒక పేట ఉంది, బర్మా అంటే ఇప్పటి మయన్మార్ నుంచి తిరిగొచ్చేసిన తెలుగువాళ్లు స్థిరపడిన చోటు. మా అమ్మమ్మ వాళ్లదీ రంగూనే. 1962లో నె విన్ సైన్యంతో గద్దెనెక్కాక దుకాణాలన్నీ జాతీయం చేస్తే చేతికందింది పట్టుకుని ఓడెక్కేశారు. అందుకే మయన్మార్ వార్త వస్తే మా ఇంట్లో టీవీ సౌండ్ పెరుగుతుంది.

నా డౌటు ఇది. ఏ సభకెళ్లినా ప్రపంచంలో అతి పెద్ద ప్రజాస్వామ్యం మాదే అంటాం కదా. 2021 ఫిబ్రవరి 1న అక్కడ ఎన్నికల్లో గెలిచినవాళ్లని సైన్యం జైల్లో పెట్టింది. మార్చి 27న ఆ సైన్యం కవాతుకి మన ప్రతినిధి హాజరయ్యారు, అదే రోజు వీధుల్లో వంద మందికి పైగా జనాన్ని కాల్చి చంపారు. జూన్‌లో ఐక్యరాజ్యసమితి తీర్మానానికి 119 దేశాలు ఓటేస్తే మనం ఓటింగుకి దూరంగా ఉండిపోయాం, చైనా, రష్యాలతో పాటు. 2023లో ఐరాస ప్రత్యేక ప్రతినిధి ఇచ్చిన నివేదికలో తిరుగుబాటు తర్వాత భారత్ నుంచి ఆ సైన్యానికి 5.1 కోట్ల డాలర్ల ఆయుధాలు, వాటికి సంబంధించిన సరుకు వెళ్లిందని ఉంది, అందులో ప్రభుత్వ రంగ సంస్థల వాటా కూడా ఉంది. ఇవి కాక 2025-26 బడ్జెట్లో మయన్మార్ సాయం పద్దు కింద 350 కోట్లు.

అంతెందుకు, 2020లో వాళ్ల నౌకాదళానికి మనం ఇచ్చిన సింధువీర్ జలాంతర్గామిని బాగుచేసి పంపింది మా ఊరి హిందుస్థాన్ షిప్‌యార్డే. విలువలంటే మాటల్లోనేనా, లేక నేనే చిన్నపిల్లాడిలా అడుగుతున్నానా?

రిటైర్డ్_గుమాస్తా:
అడగడంలో తప్పేం లేదు బాబూ, కానీ కథ 2021లో మొదలవ్వలేదు. 1988లో అక్కడ విద్యార్థులు వీధుల్లోకి వచ్చినప్పుడు మనం బహిరంగంగా వాళ్ల పక్షానే ఉన్నాం. ఆ తర్వాత మన పీవీ గారి హయాంలోనే లెక్క మారింది. అటు చైనా వేళ్లూనుకుంటోంది, ఇటు ఈశాన్యంలో తీవ్రవాదులు సరిహద్దు దాటి అడవుల్లో క్యాంపులు పెట్టుకుంటున్నారు, 1,643 కిలోమీటర్ల సరిహద్దు. 1995లో రెండు సైన్యాలూ కలిసి మిజోరం సరిహద్దులో వాళ్లని చుట్టుముట్టాయి, సరిగ్గా అప్పుడే అక్కడ ప్రజాస్వామ్యం కోసం పోరాడుతున్న ఆంగ్ సాన్ సూకీకి నెహ్రూ అవార్డు ప్రకటించాం, బర్మా సైన్యం అలిగి పక్కకి తప్పుకుంది. విలువలకి బిల్లు అలా వస్తుంది, అదీ సరిహద్దులో కాపలా కాసే జవాను పేరు మీద.

ఇంకోటి, ఆ జలాంతర్గామి ఇచ్చేటప్పటికి ప్రభుత్వంలో ఉన్నది సూకీయే. ఆవిడే 2019 డిసెంబరులో హేగ్‌లోని అంతర్జాతీయ కోర్టుకెళ్లి, రోహింగ్యా ముస్లింల మీద మారణహోమం జరిగిందన్న కేసులో తన దేశాన్ని, అంటే ఆ సైన్యాన్నే, వెనకేసుకొచ్చింది. కాబట్టి ఎవరు ప్రజాస్వామ్యవాది, ఎవరు కాదు అని ఢిల్లీలో కూర్చుని మార్కులేయడం అంత తేలిక కాదు.

ఉన్నదంతా ప్రజాస్వామ్యం మీద పెట్టి చూశాం కూడా. కాబూల్‌లో పార్లమెంటు భవనం మనమే కట్టించి 2015 డిసెంబర్ 25న ప్రారంభించాం. 2021 ఆగస్టులో తాలిబాన్లు వచ్చినప్పటి నుంచి అందులో పార్లమెంటే లేదు.

ఐజాల్_నుంచి:
ఉద్యోగం మీద మిజోరంలో ఉంటున్నాను. గుమాస్తా గారూ, 1995 నాటి లెక్క ఇప్పుడు కూడా నడుస్తుందంటే ఇక్కడెవరూ ఒప్పుకోరు. సైన్యంతో మంచిగా ఉండాలనడానికి అందరూ చెప్పే కారణం కలాదాన్ ప్రాజెక్టు. మయన్మార్ మీదుగా ఈశాన్యానికి మనం వేస్తున్న దారి అది: 2008లో ఒప్పందం, అక్కడి సిత్వేలో రేవు, అక్కడి నుంచి నది మీదుగా పలేత్వా, ఆ పైన రోడ్డు మిజోరం దాకా. రేవు 2023 మే నాటికి తెరుచుకుంది. కానీ 2024 జనవరిలో పలేత్వా, సైన్యంతో పోరాడుతున్న అరాకాన్ ఆర్మీ అనే సాయుధ దళం చేతిలో పడింది. ఇప్పుడు ఆ రోడ్డు పడాలంటే మాట్లాడాల్సింది ఎవరితో? రాజధానిలో కూర్చున్న జనరల్‌తో మాత్రం కాదు. విలువల సంగతి పక్కన పెట్టండి, పచ్చి స్వార్థం చూసుకున్నా ఈ గుర్రం మీద పందెం కాయకూడదు.

తిరుగుబాటు అయ్యాక జొఖౌథార్ దగ్గర సరిహద్దులోని తియావు వాగు దాటి వేలమంది వచ్చారు. వాళ్లని రానివ్వొద్దని 2021 మార్చిలో కేంద్ర హోంశాఖ నుంచి ఉత్తరం వచ్చింది. అప్పటి ముఖ్యమంత్రి జోరంతంగా కుదరదని ప్రధానికే రాశారు. చర్చిలు, యంగ్ మిజో అసోసియేషన్ వాళ్లు ఇంటింటికీ తిరిగి బియ్యం, దుప్పట్లు పోగేశారు, వచ్చిన పిల్లల్ని ప్రభుత్వ బడుల్లో చేర్చుకున్నారు. మీరు వెతుకుతున్న విలువల విదేశాంగ విధానం ఇక్కడ వెదురు గుడిసెలు, టార్పాలిన్లతో నడిచింది, దానికి ఢిల్లీ బడ్జెట్లో పద్దు లేదు.

డాలస్_బాబాయ్:
చట్టం చేసేస్తే సరిపోతుందని ఎవరైనా అనేలోపు మా దగ్గర సంగతి చెప్తాను. అమెరికాలో చట్టం ఉంది, ఎన్నికైన ప్రభుత్వాన్ని సైన్యం కూలదోస్తే సాయం ఆపాలని. 2013 జులైలో ఈజిప్టులో ఎన్నికైన అధ్యక్షుడు మోర్సీని సైన్యం దింపేసింది. ఒబామా ప్రభుత్వం ఏం చేసిందో తెలుసా, అది సైనిక తిరుగుబాటో కాదో తేల్చడమే మానేసింది. తేల్చకపోతే చట్టం వర్తించదు! కొన్నాళ్లు యుద్ధ విమానాలు ఆపారు, 2015లో అవీ ఇచ్చేశారు. ఏటా 130 కోట్ల డాలర్ల సైనిక సాయం. మానవ హక్కుల షరతు పెట్టిన 32 కోట్ల డాలర్లు కూడా 2024లో మినహాయింపు ఇచ్చి విడుదల చేశారు. సెనేట్ విదేశీ వ్యవహారాల కమిటీ ఛైర్మన్‌గా చేసిన మెనెండెజ్ ఇంట్లో బంగారు కడ్డీలు దొరికాయి, ఈజిప్టుకి మేలు చేయడానికి లంచం తీసుకున్నాడన్న కేసులో 11 ఏళ్ల శిక్ష పడింది.

అయినా చట్టం ఉండటమే మేలంటాను. మినహాయింపు ఇచ్చినప్పుడైనా ఎవరో ఒకరు సంతకం పెట్టాలి, పేపర్లో వస్తుంది, జనం తిడతారు. మన దగ్గర ఆ తిట్టే ఛాన్సూ లేదు.

కంచరపాలెం_కుర్రాడు:
బాబాయ్ చెప్పిందే నాకు నచ్చింది. గుమాస్తా గారూ, కాబూల్ భవనం సరే, కానీ హెరాత్‌లో మనం కట్టిన సల్మా డ్యామ్ మాటేంటి? 2016లో ప్రారంభించాం, 42 మెగావాట్లు. గద్దె మీద ఎవరున్నా కరెంటు, నీళ్లు జనానివే కదా. మయన్మార్‌తో మాటలు తెంచేయమని నేననడం లేదు. 2025 మార్చి భూకంపానికి మన టీములు వెళ్లి ఆసుపత్రి పెట్టాయి, మంచి పని. నా గొడవల్లా రాడార్లూ ఫిరంగి గొట్టాలూ పంపడం గురించే. ఆ 350 కోట్లలో ఏది ఎవరికి చేరుతోందో మామూలు మనిషి తెలుసుకునే దారి ఉందా?

రిటైర్డ్_గుమాస్తా:
సల్మా విషయంలో నీ మాట కాదనలేను. ఇక దారంటావా, పార్లమెంటులో విదేశీ వ్యవహారాల స్థాయీ సంఘం ఏటా గ్రాంట్ల పద్దుల మీద నివేదిక ఇస్తుంది, నెట్లో దొరుకుతుంది, ముందు అది చదువు. ఆయుధాల ఎగుమతి మాత్రం అందులో రాదు, అది రక్షణ శాఖ గొడవ, దానికి మీ ఎంపీ చేత విడిగా ప్రశ్న వేయించాలి. ప్రశ్నలో విలువలు, ప్రజాస్వామ్యం అని రాయకు, రెండు పేరాల ఉపన్యాసం జవాబుగా వస్తుంది. 2021 ఫిబ్రవరి తర్వాత ఏ సంస్థకి ఏ సరుకు ఎగుమతికి అనుమతి ఇచ్చారు, తేదీలవారీగా చెప్పండి అని రాయి.