‘చేసుకుంటావా’నా, ‘చేసుకుందామా’నా?

ప్రశ్న: మా ఫ్రెండ్ ఒకడు ఈ శని, ఆదివారాలు తను ప్రేమించిన అమ్మాయితో అరకు వెళ్తున్నాడు. అక్కడే పెళ్లి మాట ఎత్తాలని ప్లాన్. ఉంగరం కొన్నాడు, రైలు టికెట్లు అయ్యాయి, వాక్యమే కుదరలేదు. ఇంగ్లీషులో అడగడం ఇష్టం లేదు. ‘నన్ను పెళ్లి చేసుకుంటావా’ అంటే సినిమా డైలాగులా ఉందట. అసలు ‘ప్రపోజ్ చేయడం’ అనడానికి మనకు మాట ఉందా అండీ?

జవాబు: మనకున్నవి పెద్దల మాటలు. పిల్లనడగడం, సంబంధం మాట్లాడటం. అడిగేది అమ్మాయి తండ్రిని. అమ్మాయినే అడిగే పనికి వాడుకలో విడిగా పేరు లేదు, అందుకే ‘ప్రపోజ్’ వచ్చి స్థిరపడింది. ఉండనివ్వండి. ‘ప్రతిపాదించడం’ అని మాత్రం అనకండి, అది బడ్జెట్ సమావేశాల్లో బాగుంటుంది.

వాక్యానికి నా ఓటు ‘పెళ్లి చేసుకుందామా’కి. ‘చేసుకుంటావా’ అన్నప్పుడు నిర్ణయమంతా ఆమె మీద పడుతుంది. ‘చేసుకుందామా’లో కర్త ‘మనం’. అక్కడ ‘మేము’ పెట్టి చూడండి, వాక్యం నిలబడదు. ‘-దాం’ ఎదుటి మనిషిని కలుపుకోకుండా రానే రాదు. ఇంకో సౌకర్యం కూడా ఉంది. ఆఫీసులో పరిచయమై ఇంకా ‘మీరు’ దగ్గరే ఆగిన జంటలు చాలా ఉంటాయి. ‘చేసుకుంటావా’ అనాలా, ‘చేసుకుంటారా’ అనాలా అన్న టెన్షన్ ఇందులో లేదు.

మరొకరు: మా కరీంనగర్ దిక్కు ‘పెండ్లి చేసుకుందమా’ అంటం. ‘లగ్గం’ కూడా ఉంది గానీ అది మా అమ్మమ్మ నోట్లో ఉన్నంత అందంగా మా నోట్లో ఉండదు. ‘మనువాడతావా’ మాత్రం వద్దన్నా. నాకైతే ఆ మాట వింటే మారుమనువే గుర్తొస్తది.

ఇంకొకరు: పేరు లేదు సరే, పని కొత్తది కాదు. పోతన భాగవతం దశమ స్కంధంలో రుక్మిణి చేసింది అదే కదా! అగ్నిద్యోతనుడనే బ్రాహ్మణుడి చేత కృష్ణుడికి కబురు పంపింది. ‘ప్రాణేశ! నీ మంజుభాషలు వినలేని కర్ణరంధ్రంబుల కలిమి యేల’ అని ఒక్కో ఇంద్రియాన్నీ లెక్కకు తెచ్చింది. అంతకంటే నాకు నచ్చేది ఆమె ముందుచూపు. అంతఃపురంలోంచి తీసుకెళ్లాలంటే బంధువులను చంపాల్సి వస్తుందని కృష్ణుడు సందేహిస్తాడేమోనని, పెళ్లికి ముందు ఊరి వెలుపల గౌరీ పూజకు వస్తాను, అక్కడికి రమ్మని చోటు కూడా తనే చెప్పింది. ఊరి బయట చోటు చూసుకోవడం అప్పుడే ఉందన్నమాట. మీ ఫ్రెండ్ పద్యం ఎత్తుకోకుండా ఉంటే మంచిది, సీసపద్యం పూర్తయ్యేలోగా కాఫీ చల్లారిపోతుంది.

ప్రశ్న అడిగినవారు: ‘చేసుకుందామా’ వాడికి నచ్చింది. రైల్లోనే అడిగేస్తానంటున్నాడు.

విశాఖ నుంచి ఒకరు: రైల్లో వద్దు బాబూ. సొరంగం వచ్చిన ప్రతిసారీ పెట్టె మొత్తం కేకలు, ఈలలు. ఆమెకు వినపడదు. ఇంకో మాట, ముందే చెప్పి ఉంచండి. ఆమె ‘సరే’ అనకపోవచ్చు. ‘మా ఇంట్లో మాట్లాడు’ అంటే తప్పించుకుంటోందని డీలా పడొద్దు. తెలుగులో చాలాసార్లు ఒప్పుకోవడం అంటే అదే.