ఫిరాయింపుపై తీర్పు సభాపతి చేతిలోనే ఉండాలా?

నారాయణగూడ వాసి:
పార్టీ మారిన శాసనసభ్యుల అనర్హతను తేల్చే అధికారం సభాపతికి ఉండటమే తప్పన్న వాదనతో నేను ఏకీభవించను. లోపం చట్టంలో లేదు, సంప్రదాయాన్ని మనం నిలుపుకోలేకపోవడంలో ఉంది. బ్రిటన్‌లో స్పీకరుగా ఎన్నికైన వారు పార్టీ సభ్యత్వం వదులుకుంటారు, తరువాతి ఎన్నికల్లో ప్రధాన పార్టీలు సాధారణంగా వారిపై పోటీ పెట్టవు. మన అనంతపురం జిల్లాలో పుట్టిన నీలం సంజీవరెడ్డి గారు 1967లో లోక్‌సభ స్పీకరు కాగానే కాంగ్రెస్‌కు రాజీనామా చేశారు. ఆ బాటన నడవమని అడగాలి గానీ, సభ అధికారాన్ని బయటివారికి అప్పగించమనడం ఏమిటి?

ఖైరతాబాద్ ఓటరు:
సంజీవరెడ్డి గారి ఉదాహరణ మీకంటే నాకే ఎక్కువ పనికొస్తుందండీ. అంతటివారు చేసి చూపినా అది ఆనవాయితీగా ఎందుకు పాతుకోలేదు? ఎందుకంటే మన సభాపతి అయిదేళ్ల తరువాత మళ్లీ అదే పార్టీ బీ-ఫారం కోసం నిలబడాలి. ఆయనపై పోటీ పెట్టకుండా ఊరుకునే ప్రతిపక్షం ఇక్కడ లేదు.

ఫిరాయింపులపై అనర్హత వేసే రాజ్యాంగ పదో షెడ్యూలు 1985లో 52వ సవరణతో వచ్చింది. 1992లో ఆ షెడ్యూలును సవాలు చేసిన కిహోటో హొల్లోహాన్ కేసులో సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల్లో ముగ్గురు, సభాపతి నిర్ణయం న్యాయసమీక్షకు లోబడుతుందంటూనే ఆ అధికారాన్ని ఆయనకే ఉంచారు. సభలో మెజారిటీ దయ మీద పదవి నిలిచే వ్యక్తి స్వతంత్ర న్యాయనిర్ణేత కాజాలడని మిగిలిన ఇద్దరూ అప్పుడే అన్నారు. అసలు చిక్కు తప్పుడు తీర్పులతో కాదు, తీర్పే ఇవ్వకపోవడంతో వచ్చింది. నిర్ణయం వెలువడితే కోర్టు సమీక్షిస్తుంది. అర్జీ బల్ల మీదే ఉండిపోతే సమీక్షించడానికి ఏముంటుంది?

2023లో మా ఖైరతాబాద్‌లో బీఆర్ఎస్ గుర్తుపై గెలిచిన దానం నాగేందర్ గారు, ఆ సభ్యత్వం ఉండగానే 2024లో సికింద్రాబాద్ లోక్‌సభ స్థానానికి కాంగ్రెస్ అభ్యర్థిగా పోటీ చేశారు. ఆయనతో కలిపి పది మందిపై వచ్చిన అర్జీల విషయంలో, అర్జీదారులు సుప్రీంకోర్టు గడప తొక్కేదాకా నోటీసులు కూడా వెళ్లలేదు. మూడు నెలల్లో తేల్చమని 2025 జులై 31న ఆ కోర్టు ఆదేశించాల్సి వచ్చింది. మూడు నెలలన్న గడువును అదే కోర్టు 2020లో మణిపూర్ ఫిరాయింపు కేసులోనే చెప్పింది. ఇదేదో ఒక్క పార్టీ జబ్బు కాదు: 2019 జూన్‌లో పద్దెనిమిది మంది కాంగ్రెస్ సభ్యుల్లో పన్నెండు మందిని, అంటే సరిగ్గా మూడింట రెండు వంతులను, నాటి టీఆర్ఎస్‌లో విలీనమైనట్టు సభాపతి గుర్తించారు. విలీనంగా చూపి అనర్హత తప్పించుకోవడానికి ఆ లెక్క సరిపోయింది. ఓటు వేసినవారిని అడిగిన నాథుడు లేడు.

లాభదాయక పదవి వంటి ఇతర అనర్హతలను 192వ అధికరణం కింద గవర్నరు ఎన్నికల సంఘం అభిప్రాయం ప్రకారం తేలుస్తారు. ఫిరాయింపులకూ అదే దారి పెట్టమని ఎన్నికల సంస్కరణలపై వేసిన దినేశ్ గోస్వామి కమిటీ 1990లోనే సూచించింది.

హిమాయత్‌నగర్ న్యాయవాది:
ఎన్నికల కమిషనర్లను ఎంపిక చేసేదెవరో కూడా చెప్పాల్సింది. 2023 చట్టం ప్రకారం వారిని ఎంపిక చేసే కమిటీలో ప్రధాని, ఆయన నియమించే కేంద్రమంత్రి, ప్రతిపక్ష నేత ఉంటారు. ఇద్దరు ఒకవైపు, ఒక్కరు మరోవైపు. రాష్ట్రంలోని పాలకపక్షం చేతి నుంచి తీసి కేంద్రంలోని పాలకపక్షం చేతిలో పెట్టడం సంస్కరణ ఎలా అవుతుంది?

ఖైరతాబాద్ ఓటరు:
ఆ అభ్యంతరం బలమైనదే, అందుకే ఎన్నికల సంఘం మీద పట్టుబట్టను. మణిపూర్ తీర్పు విశ్రాంత న్యాయమూర్తి అధ్యక్షతన శాశ్వత ట్రిబ్యునల్‌ను కూడా పరిశీలించమంది. ఎవరు తేల్చినా సరే, గడువును మాత్రం రాజ్యాంగంలోనే రాయాలి: మూడు నెలలు దాటిన అర్జీ దానంతటదే హైకోర్టుకు బదిలీ కావాలి, తీర్పు వచ్చేదాకా ఆ సభ్యుడికి మంత్రి పదవి ఇవ్వకూడదు. ఈ రెండూ ఉంటే, నారాయణగూడ వారు కోరినట్టు అధికారం సభాపతి దగ్గరే ఉన్నా నాకు అభ్యంతరం లేదు.