సాయుధ పోరాటం సరే, ఎర్రజెండా ఇక ముందు ఏం చేస్తుంది?

మిర్యాలగూడ ప్యాసింజర్:
2023 తెలంగాణ ఎన్నికల్లో కమ్యూనిస్టులకు దక్కింది ఒక్క కొత్తగూడెం, అదీ కాంగ్రెస్ పొత్తులో సీపీఐకి. విడిగా పోటీచేసిన సీపీఎంకు ఏమీ రాలేదు. సెప్టెంబర్ వస్తే మాత్రం నిజాం, దొరల మీద జరిగిన తెలంగాణ సాయుధ పోరాట వారోత్సవాలు తప్పవు. ఆ పేరు మీద ఇంకెంతకాలం? ముందు ముందు ఈ సమాజాన్ని ఏం మారుస్తామంటారు? తెలిసినవాళ్ళు చెప్పండి, తిట్లు వద్దు.

నల్లరేగడి:
పేరు మీద బతకడమేంటన్నా? 1946 జులై 4న కడవెండిలో దొర గూండాల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య పోయిన దగ్గర్నుంచి 1951 అక్టోబర్‌లో పోరాటం విరమించేదాకా ఊళ్ళలో ఏం జరిగిందో చదవండి. వెట్టి పోయింది. పాలకుర్తిలో ఐలమ్మ పంటను విసునూరు దొర మనుషులు ఎత్తుకుపోకుండా ఆంధ్ర మహాసభ సంఘం కాపాడింది. 1952లో పార్టీ మీద నిషేధం ఉంటే పీడీఎఫ్ (పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్) పేరుతో నిలబడ్డ రావి నారాయణరెడ్డికి నల్లగొండలో నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు వచ్చాయి. అంత వెనక్కి ఎందుకు, ఇవాళ మోటారుకు బిల్లు కట్టని ప్రతి రైతూ 2000 ఆగస్టు 28న కరెంటు చార్జీల పెంపు వద్దని కదిలి హైదరాబాద్ బషీర్‌బాగ్ పోలీసు కాల్పుల్లో పోయిన ముగ్గురిని తలుచుకోవాలి. ఉద్యమం చేసింది వామపక్షాలు, 2004లో ఉచిత కరెంటు పేరుతో ఓట్లు కోసుకున్నది కాంగ్రెస్.

లెక్కల మాస్టారు:
నెహ్రూ కంటే ఎక్కువ అనే ముందు నల్లగొండ ద్విసభ్య నియోజకవర్గమని కూడా చెప్పండి. ఓటరుకు రెండు ఓట్లు.

నల్లరేగడి:
నెహ్రూ గెలిచిందీ ద్విసభ్య నియోజకవర్గంలోనే మాస్టారూ.

లెక్కల మాస్టారు:
అయితే మాత్రం? రెండు చోట్లా ఓటర్లు సమానమా? శాతాలు పోల్చకుండా ఊరికే పెద్ద అంకె చెప్పడం ప్రచారం అవుతుంది, చరిత్ర కాదు.

చాయ్ బిస్కెట్:
ఇక ఇది రెండు పేజీలు నడుస్తుంది.

గుంట భూమి:
నెహ్రూను పక్కన పెట్టండి. మాది సూర్యాపేట దగ్గర ఊరు. సంఘం వాళ్ళు దొర భూమిలో మా తాతకు రెండెకరాలు కొలిచి ఇచ్చారు. 1948లో భారత యూనియన్ సైన్యం వచ్చింది, దాని వెనకే దొర వచ్చాడు, భూమి పోయింది, తాత జైలుకు పోయాడు. తర్వాతెప్పుడో సమరయోధుల పెన్షన్ అన్నారు. దానికి జైల్లో తోటి ఖైదీ సంతకం కావాలి. ఆ సంతకం పెట్టగల మనిషి మా ఊరి పార్టీ పెద్దే. కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఆయన ఇంటి అరుగు మీద ఎన్నిసార్లు కూర్చున్నాడో మా తాతకే తెలియాలి. "చూద్దాంలేరా" అనేవాడట. ఆయనకు పెన్షన్ వచ్చింది, మా తాత రాకుండానే పోయాడు.

నల్లరేగడి:
బాధగానే ఉంది. కానీ ఒక మనిషి చేసిన దానికి పార్టీని మొత్తం బోనులో నిలబెడతారా? 2007 జులై 28న ముదిగొండలో భూమి కోసం రోడ్డెక్కిన ఏడుగురు పోలీసు తూటాలకు బలయ్యారు. అప్పుడు వాళ్ళతో ఏ పార్టీ ఉంది? మీరెక్కడున్నారు?

గుంట భూమి:
మేమెక్కడుంటాం, ముందు వరసలోనే ఉంటాం. తూటాలు మాకు, వేదిక మీద కుర్చీలు మీకు. ఇందాకటి నుంచి నెహ్రూ నెహ్రూ అని కొట్టుకున్నారు కదా, ఆ ద్విసభ్య నల్లగొండ నుంచి ఎస్సీ సీటులో గెలిచిన రెండో ఎంపీ ఎవరో మీ ఇద్దరిలో ఒక్కరికైనా గుర్తొచ్చిందా? సుంకం అచ్చాలు. ఆయన పేరుతో మీ వారోత్సవాల్లో ఒక్క ఫ్లెక్సీ కూడా నేను చూడలేదు.

మిర్యాలగూడ ప్యాసింజర్:
ఇదీ అసలు మాట. 2016-17లో సీపీఎం నేత తమ్మినేని వీరభద్రం మహాజన పాదయాత్ర చేసినప్పుడు, 2018లో బహుజన లెఫ్ట్ ఫ్రంట్ పెట్టినప్పుడు సామాజిక న్యాయం అన్నారు. ఆ ఎన్నికల్లో సీపీఎంకు ఒక్క సీటూ రాలేదు, ఆ తర్వాత ఆ మాట కూడా పలచబడింది.

నల్లరేగడి:
కులం పేరుతో కూలీలను చీల్చితే లాభపడేది ఎవరు? రావి నారాయణరెడ్డి సొంత భూమి పంచిన మనిషి, ఆయన కులం అడుగుతారా?

గుంట భూమి:
ఆయనది అడగను. మీది అడుగుతా. కులం వద్దులెండి, ఎకరాలు చెప్పండి. మొన్న వేరే చర్చలో మీరే రాశారు, భూమి కౌలుకిచ్చి హైదరాబాద్‌లో ఉంటున్నామని.

నల్లరేగడి:
పన్నెండు. దాచేదేముంది? ఎకరాల లెక్కన ప్రభుత్వం ఇచ్చిన రైతుబంధు సాయం మా నాన్న ఖాతాలో పడింది. కౌలుదారుకు ఇచ్చేది లేదని కేసీఆర్ ప్రభుత్వమే తేల్చి చెప్పింది, అది మేం రాసిన రూలా?

చాయ్ బిస్కెట్:
ఓహో.

గుంట భూమి:
రూలు మీరు రాయలేదు సారూ. కౌలు కాగితం రాసివ్వడం మాత్రం మీ చేతిలోదే. కౌలుదారులకు రుణ అర్హత కార్డులని 2011లోనే చట్టం వచ్చింది. భూమి ఎక్కడ చేజారుతుందోనన్న భయంతో పట్టాదారులు వద్దంటే మా ఊళ్ళో దానికి ఎవరూ అప్లై చేయలేదు, ఆ వద్దన్నవాళ్ళలో పార్టీ కార్డున్నవాళ్ళూ ఉన్నారు. నాట్లప్పుడు మా ఆడవాళ్ళు కూలి పెంచమని పని ఆపితే రాజీ చేయడానికి వచ్చిందీ వాళ్ళే, అదీ రైతు పక్షాన. రేపటి లక్ష్యం ఏమిటని కదా అడిగారు. కౌలుకిచ్చిన ప్రతి సభ్యుడూ ముందు కాగితం రాసివ్వాలని మండల కమిటీలో తీర్మానం చేయమనండి. మొదటి సంతకం మీ నాన్నగారిది. ఆ రోజు వచ్చి సభ్యత్వం తీసుకుంటా.

లెక్కల మాస్టారు:
రుణ అర్హత కార్డు వల్ల యాజమాన్య హక్కు రాదని ఆ చట్టంలోనే ఉంది. భయానికి ఆధారం లేదు.

నల్లరేగడి:
మా నాన్నను ఎందుకు లాగుతారు? ఆయన పార్టీ సభ్యుడు కాదు, సానుభూతిపరుడు.