అప్‌డేట్: లింగం, జెండర్ తేడా పిల్లలకు చెప్పిన తీరు

కావలి దగ్గరి ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధించే నేను, లింగానికీ జెండర్‌కూ ఉన్న తేడాను తొమ్మిదో తరగతికి ఎలా చెప్పాలని గత నెలలో అడిగాను. నిర్వచనాలతో కాక ఇంటి పనులతో మొదలుపెట్టమన్న సలహాను పాటించాను.

నల్లబల్లపై నిలువు గీత గీసి, ఒకవైపు పుట్టుకతో శరీరానికి వచ్చేవీ (లింగం), రెండోవైపు సమాజం నేర్పేవీ (జెండర్) రాయమన్నాను. గర్భధారణ దగ్గర ఎవరికీ సందేహం రాలేదు గానీ, వంట దగ్గర తరగతి ఆగిపోయింది. దాన్ని శరీరం వైపు రాసిన అబ్బాయే కాసేపటికి లేచి, తన తండ్రి ఒంగోలులో హోటల్ వంటమాస్టరనీ, ఇంట్లో మాత్రం మంచినీళ్లు కూడా ముంచుకోడనీ చెప్పి, ఆ మాటను అరచేత్తో చెరిపి రెండోవైపు రాశాడు. నేను గంటసేపు చెప్పినా అంత స్పష్టంగా చెప్పలేకపోయేవాణ్ణి.

‘రాముడు వచ్చాడు అంటాం, సీతకూ ఆవుకూ ఒకటే వచ్చింది ఎందుకు?’ అని ఒక అమ్మాయి అడిగింది. అది వ్యాకరణ లింగమనీ, శరీరానికీ జెండర్‌కూ వేరైన మూడో విషయమనీ, బహువచనంలో స్త్రీపురుషులిద్దరికీ ‘వచ్చారు’ అనే అంటామనీ వివరించాను.

1992లో మన జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరగబడ్డ సంగతీ, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను మూడో జెండర్‌గా గుర్తించిన 2014 నాటి సుప్రీంకోర్టు తీర్పూ చెప్పాను. తీర్పు గురించి ప్రశ్నలు ఎక్కువగా రావడంతో దానికి వచ్చే వారం మరో పీరియడ్ కేటాయించాను.