నాపబండ మీద రెక్క గుర్తు: టెరోసార్ శిలాజమేనా?

ప్రశ్న (మిర్యాలగూడ)
మఠంపల్లి దిక్కు నాపబండను పొరలు చీలిస్తే మధ్యల నల్లటి గుర్తు కనవడ్డది. జానెడు పొడుగు. ఒక కాడ, దానికెల్లి చీలిన సన్నటి కొమ్మలు, అచ్చం గబ్బిలం రెక్క ఈనెల లెక్క. జర్మనీల టెరోసార్లు (డైనోసార్ల కాలంల ఎగిరిన సరీసృపాలు) దొరికింది గూడ ఇసొంటి సున్నపురాతిలనే గద. ఇది గూడ అదేనా? ఎట్ల తేల్చుకోవాలె?

జవాబు (నల్గొండ)
అది డెండ్రైట్ అన్నా. పొరల మధ్యకు దిగిన నీళ్లలోని మాంగనీసు, ఇనుము ఆక్సైడ్లుగా పేరుకుంటూ ఇట్లా కొమ్మలేసుకుంటూ పాకుతాయి. 10 రెట్ల లెన్స్ పట్టుకుని, టార్చిని బండకు ఆనించి పక్క నుంచి వెలుగు కొట్టండి. ఎముకైతే అంచు లేచి నీడ పడుతుంది. విరిగిన చోట లోపల బోలుగా, చుట్టూ మిల్లీమీటరు అటూఇటూ గోడ కనిపిస్తుంది. డెండ్రైట్ మాత్రం సిరా మరకలా చదునుగా ఉంటుంది.

గబ్బిలం రెక్కలా ఉందన్నారు చూడండి, అదే అనుమానించాల్సిన విషయం. గబ్బిలం రెక్కలో నాలుగు వేళ్లు చాచి ఉంటాయి. టెరోసార్ రెక్కను మోసేది బాగా సాగిన నాలుగో వేలు ఒక్కటే. తోలులోని పోగులు కూడా పక్కపక్కన సాగుతాయి, కొమ్మలుగా చీలవు.

నిమ్మరసం, యాసిడ్ పోయకండి. సున్నపురాయి పొంగుతుంది, పైపొరతో పాటు గుర్తూ పోతుంది. దాంతో తేలేదేమీ లేదు.

జవాబు (పాలమూరు)
వయసు చూసినా కుదరదు. మఠంపల్లి సున్నపురాయి, మా తాండూరు బండ రెండూ 54 కోట్ల ఏళ్ల కన్నా పాతవి. అప్పటికి ఎముకలున్న జంతువే లేదు. టెరోసార్లు బతికింది సుమారు 22 కోట్ల నుంచి 6.6 కోట్ల ఏళ్ల కిందటి దాకా. జర్మనీలోని జోల్న్‌హోఫెన్ రాయి వయసు 15 కోట్ల ఏళ్లు. అక్కడి టెరోసార్ అస్థిపంజరాన్ని 1784లో కొలీని అనే శాస్త్రవేత్త వర్ణించాడు, అది ఎగిరే సరీసృపమని 1801లో కువియే అనే మరో శాస్త్రవేత్త గుర్తించాడు. ఆ రాళ్లలోనూ డెండ్రైట్లు విరివిగా ఉంటాయి, చాలామంది నాచు శిలాజమని పొరబడతారు.

ప్రశ్న (మిర్యాలగూడ)
మరి మన దిక్కు ఏడ దొరుకుతయి?

జవాబు (నల్గొండ)
నల్గొండ గుట్టల గ్రానైట్‌లో అసలే ఉండవు. ప్రాణహిత-గోదావరి లోయలో సిరొంచ దగ్గరి కోటా అనే రాతిపొరల్లో దొరికిన దవడ ముక్క టెరోసార్‌దని చెప్పి, 1974లో జైన్ అనే శాస్త్రవేత్త దానికి ‘కాంపిలోగ్నాథాయిడెస్ ఇండికస్’ అని పేరు పెట్టారు. అది ఆ ప్రజాతిదేనా అన్న సందేహం తర్వాత వచ్చింది. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన కోటాసారస్ అనే డైనోసార్ కూడా ఆ పొరలదే.

జవాబు (పాలమూరు)
టెరోసార్ కాకపోయినా, దగ్గరలో శిలాజాలు దొరికే చోటంటే పరిగి పక్కన నస్కల్. లావా గడ్డకట్టిన నల్ల ట్రాప్ రాళ్ల నడిమి పొరలో డైనోసార్ల చివరి కాలపు చిన్న క్షీరదం డెక్కనోలెస్టెస్ పళ్లు దొరికాయి. అవి కంటికి ఆనేంత పెద్దవి కావు. మట్టిని నానబెట్టి, సన్న జల్లెడలో కడిగి, మిగిలింది ఆరబెట్టి మైక్రోస్కోపు కింద ఏరాలి.