స్టేషన్లో కొట్టారు, అరెస్టు రెండు రోజుల తర్వాత చూపించారు. పరిహారం ఎలా అడగాలి?

ప్రశ్న: తెలంగాణలో ఒక కుర్రాణ్ణి దొంగతనం కేసులో సోమవారం రాత్రి తీసుకెళ్లారు. రిమాండ్ రిపోర్టులో అరెస్టు బుధవారం సాయంత్రం అని ఉంది. అరికాళ్ల మీద లాఠీతో కొట్టారు. ఇప్పుడు జైల్లో ఉన్నాడు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: పరిహారం సంగతి తర్వాత, ముందు గాయాలు చూడండి. అరికాలి వాపు కొద్ది రోజుల్లో దిగిపోతుంది. వైద్య పరీక్ష చేయించి, పాదాలకు ఎక్స్‌రే తీయించాలని మేజిస్ట్రేట్ దగ్గర ఇవాళే పిటిషన్ వేయండి. జైల్లోకి తీసుకునేటప్పుడు డాక్టరు రాసిన రిజిస్టరూ తెప్పించమనండి. బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) సెక్షన్ 53 కింద, అరెస్టయ్యాక చేసిన పరీక్ష కాపీ అతనికి ఇచ్చి తీరాలి. అందులో ‘గాయాలు లేవు’ అని ఉండి, జైలు రిజిస్టర్లో పాదాల వాపు ఉంటే, ఆ తేడాయే మీకు బలం. కొట్టారా అని మేజిస్ట్రేట్ అడిగినప్పుడు, పోలీసులు పక్కనే ఉన్నారని భయపడి లేదని చెప్పి ఉంటే, ఆ మాట దాచకుండా పిటిషన్లో రాయండి.

జవాబు: సీసీ కెమెరా ఫుటేజీ మర్చిపోకండి. పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో 2020లో సుప్రీంకోర్టు గేటు, లాకప్, వరండా, ఎస్‌ఐ గది, చివరికి బాత్రూమ్ బయట కూడా కెమెరా ఉండాలంది. రికార్డింగు 18 నెలలు, కుదరకపోతే కనీసం ఏడాది ఉంచాలి. అయినా ‘హార్డ్ డిస్క్ పాడైంది’ అన్న జవాబు మామూలే. అందుకే సోమవారం రాత్రి నుంచి బుధవారం సాయంత్రం దాకా ఫుటేజీ చెరపకుండా ఉంచమని ఎస్‌పీకి (కమిషనరేట్ అయితే కమిషనర్‌కి) రిజిస్టర్డ్ పోస్టు, కోర్టులో మెమో రెండూ పెట్టండి. అతని ఫోన్ టవర్ లొకేషన్ కూడా అడగండి. పట్టుకున్న 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలన్న నిబంధన ఉల్లంఘించారని తేల్చేది అదే.

జవాబు: పరిహారానికి హైకోర్టులో రాజ్యాంగం 226వ అధికరణ కింద రిట్ (ప్రాథమిక హక్కుల ఉల్లంఘన మీద వేసే పిటిషన్) వేయాలి. నీలబతి బెహెరా అనే కస్టడీ మరణం కేసులో 1993లో సుప్రీంకోర్టు లక్షా యాభై వేలు ఇప్పించింది. ప్రభుత్వానికి సార్వభౌమ రక్షణ ఉంది, అంటే దాని పనులకు పరిహారం అడగకూడదన్న వాదన అక్కడ చెల్లలేదు. కాకపోతే కాగితాలు లేకుండా వెళ్తే ‘వాస్తవాలు వివాదంలో ఉన్నాయి, సివిల్ కోర్టుకు వెళ్లండి’ అంటారు. మానవ హక్కుల కమిషన్‌కైతే ఏడాదిలోపే వెళ్లాలి. రాష్ట్ర కమిషన్లో పెండింగ్ ఉన్నది జాతీయ కమిషన్ విచారించదు, రెండు చోట్లా వేయకండి.

ప్రశ్న అడిగినవారు: లాయరుకు డబ్బుల్లేవండీ.

జవాబు: కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయరు హక్కు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు జైలు సూపరింటెండెంట్ ద్వారా దరఖాస్తు పంపొచ్చు.